గద్వాల చీర, ఇస్త్రీ చెయ్యి
గద్వాల చీరను ఇస్త్రీ చేయగలిగినవాళ్లకు ఏ బట్టయినా లొంగుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, పైగా జరీ! పాలమూరులో ఇస్త్రీ బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. నూలు మీద నీళ్లు చిలకరించి, బొగ్గుల పెట్టెను అదిమి లాగుతారు. పట్టు దగ్గరికి రాగానే పెట్టెను చల్లారనిచ్చి, కొంగు తిరగేసి, పైన పల్చటి గుడ్డ పరిచి తేలిగ్గా పోనిస్తారు. ఎంత ఓపికో!

ఇంటికి స్టీమర్ కొనేవాళ్లూ నూలుకూ పట్టుకూ ఉన్న ఈ తేడానే చూసుకోవాలి. పట్టు ముడతలు ఆవిరికే విడతాయి. కానీ నీటిచుక్కలు కార్చే స్టీమర్ వద్దు, మరకలు పడతాయి. గంజి పెట్టిన నూలుకు మాత్రం పెట్టె బరువు పడాల్సిందే.

ఇక ఇస్త్రీతోనే బతికేవాళ్ల సంగతి. లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటును తెలంగాణ ప్రభుత్వం 2021లో ప్రకటించింది. వీధిలో బొగ్గులు రాజేసుకునే బండివాళ్లకూ అలాంటి ఆసరా కావాలి.