ఊరంతా ‘బావా’ అంటుంటే

మా ఊరి స్టేషన్‌లో దిగిన యాత్రికులు గుడి ఎటువైపని అడుగుతారు. బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది మరి. రామయ్య దగ్గరికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. 2016లో జిల్లా అయినప్పుడూ కొత్తగూడేనికి ముందు భద్రాద్రే కూర్చుంది. దేవుడితో పేచీ ఎవరు పెట్టుకుంటారు!

మా ఇంట్లోనూ అంతే. నేను బాణీలు కడతాను, మా ఆవిడ పాడుతుంది. ఆమె ఊరందరికీ అక్క. అందుకని నేను ఊరందరికీ బావను. సింగరేణి డేకి హార్మోనియం మోసుకుని ఒక్కణ్నే కనిపిస్తే చాలు, ‘బావా, అక్క రాలేదా?’ మొదట్లో గుచ్చుకునేది.

అప్పుడు సినీ సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు గుర్తొచ్చేవారు. కాకినాడ నాటకాల నాడు వరుసలు కట్టేది ఆయన, వేదికెక్కేది అంజలీదేవి. 1947లో ‘గొల్లభామ’తో ఆమె తార అయింది. తర్వాత భార్యాభర్తలు పెట్టుకున్న సంస్థకు పేరు, అంజలీ పిక్చర్స్. 1957 నాటి ‘సువర్ణసుందరి’లో ఒకే పాటలో సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ నడిపించారాయన. నాలుగు రాగాలు ఎవరైనా పేర్చగలరు; ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లేచోట అతుకు కనబడకపోవడమే పనితనం. నేను రెండే కలపబోయాను, బొగ్గు రైలు పట్టా మారినట్టు కుదుపొచ్చింది. తెలుగులో ఆ పాట ఘంటసాల, జిక్కి పాడారు. హిందీలో రఫీ, లత. తెర మీద మాత్రం అంజలి. కళ్లకు కనబడేది ఆమె కదా, జనాన్ని అనుకుని ఏం లాభం?

1974లో ‘అల్లూరి సీతారామరాజు’ సొంత సంస్థది కాదు. మన్యం కథ గనుక మా అడవి అంచు వాళ్లకు అదంటే కాస్త ఎక్కువ ఇష్టం. అందులో శ్రీశ్రీ పాటకు జాతీయ అవార్డు వచ్చింది, రచనకు. దానికి వరుస కట్టిందీ ఆదినారాయణరావే. అంటే ఆయన వెనకుండిపోవడానికి కారణం పెళ్లొకటే కాదు. బాణీ పని తీరే అంత. ఈ సంగతి తెలిసొచ్చాక మా ఆవిడ మీద అలగడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

హార్మోనియంలో మెట్టుకూ మెట్టుకూ మధ్య జారుడుండదు. మొన్న నేను మెట్ల మీద కట్టిన చరణాన్ని ఆమె గొంతులో జార్చింది. బాగుంది. ఆ మాట వెంటనే అనలేదు.

‘మీ పెట్టెలో లేనిది వేసిన. తీసెయ్యమంటారా?’ అంది.

‘ఇంకోసారి పాడు’ అన్నాను.