ఎత్తేది ఎవరు?

మా ఊళ్లో కొట్టు "మూసేశాం" అనరు, "కట్టేశాం" అంటారు. మూత అన్న మాట వ్యాపారానికి అచ్చిరాదని మా నాన్న నమ్మకం. బందరులో ఆయనది కిరాణా కొట్టు. నా చిన్నప్పుడు దానికి పలక తలుపులే. గడప గాడిలోకి ఒక్కో పలకా దించి, పక్కకి జరిపి, అన్నిటికీ అడ్డంగా ఇనప పట్టీ వేసి తాళం బిగించేవారు. పలకల మీద తెల్ల రంగుతో అంకెలుండేవి. ఐదోదాని చోట నాలుగోది పెడితే ఆఖరి పలక పట్టేది కాదు. నేను అంకెలు నేర్చుకున్నది బళ్లో కాదు, ఆ పలకల మీదే.

తర్వాత షట్టర్ వచ్చింది. ఒక్క ఊపున జర్రున పైకి పోయే ఆ ఇనప తెరని చూసి నాన్న మురిసిపోయారు. పలకలు అటక మీదికి వెళ్లాయి. ఇప్పుడు కొట్టు తమ్ముడిది. వాడు తెల్లారకముందే సరుకు కోసం మార్కెట్టుకి పోతాడు కాబట్టి, ఆరింటికి షట్టర్ ఎత్తేది మరదలు.

మూడేళ్ల క్రితం పక్క వీధిలో షట్టర్ వంచి దొంగలు పడ్డారు. తమ్ముడికి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా పాత 20 గేజ్ రేకు తీయించి 18 గేజ్ వేయించాడు. ఈ గేజ్ లెక్క తిరగేసి ఉంటుంది, అంకె తగ్గితే రేకు మందం పెరుగుతుంది. 20 గేజ్ అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2 పైన. వినడానికి వెంట్రుకవాసి తేడా. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు షట్టర్‌లో అది పాతిక కిలోల పైమాటే.

ఆ ఏడాది సంక్రాంతికి వెళ్తే మరదలు కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. "కొట్టు పనేగా బావగారూ, అలవాటైపోతుంది" అంది. డాక్టరు మాత్రలు రాశాడు, బరువులెత్తొద్దన్నాడు. ఆమె ఎత్తే అసలు బరువు ఏమిటో ఆయన అడగలేదు, మాకూ తట్టలేదు.

తట్టింది షట్టర్ మేస్త్రీకి. తాళం పట్టేసిందని పిలిస్తే వచ్చిన పెద్దాయన. తాళం సంగతి పక్కన పెట్టి షట్టర్‌ని నడుము ఎత్తు దాకా లేపి, చెయ్యి తీసేశాడు. ధబ్బున గడప మీద పడింది. మళ్లీ లేపాడు, మళ్లీ పడింది. అప్పుడు తమ్ముణ్ణి అడగలేదు, మరదలి వైపు తిరిగి, "పొద్దున ఎత్తేది ఎవరమ్మా?" అన్నాడు.

షట్టర్ ఎత్తడంలో మన బలం కొంతే. అసలు పని పైన పైపు చుట్టూ ఉన్న స్ప్రింగులది. షట్టర్ దించుతున్నప్పుడు అవి చుట్టుకుని బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ బిగువే రేకుని పైకి లాగుతుంది. రేకు బరువూ స్ప్రింగు బిగువూ సరితూగితే, సగం దాకా ఎత్తి వదిలిన షట్టర్ అక్కడే ఆగుతుంది. పడిపోతే స్ప్రింగు చాలలేదని, పైకి ఎగిరితే మరీ బిగిసిందని. కూరగాయల తక్కెడకీ దీనికీ సూత్రం ఒకటే. మా వాడు రేకు మార్చినప్పుడు, బిగించినవాళ్లు పాత స్ప్రింగులే ఉంచేశారు. తేలిక రేకుకి లెక్కేసిన స్ప్రింగులు బరువు రేకుని మొయ్యాలి. అవి మొయ్యలేనిదంతా మరదలి భుజం మీద పడింది. తక్కెడలో రెండో సిబ్బె ఆమే.

అసలు మనం షట్టర్ ఎవరి కోసం కొంటాం? దొంగ కోసం. వాడు ముప్పై ఏళ్లలో ఒక్కసారి వస్తాడో, అసలు రాడో. వాణ్ణి తలుచుకుని గేజ్ పెంచుతాం, తాళాలు పెంచుతాం. ఏడాదికి 330 రోజులు కొట్టు తీస్తే, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి కట్టేసి సాయంత్రం ఒకసారి ఎత్తితే, ముప్పై ఏళ్లకి సుమారు ఇరవై వేల సార్లు. ఆ ఇరవై వేల సార్లు ఎత్తే మనిషి ఎవరో కొనే రోజున ఎవరూ తలుచుకోరు.

స్ప్రింగుకీ ఆయుష్షు ఉంటుంది. అమెరికాలో గ్యారేజీ తలుపుల స్ప్రింగులకి మామూలుగా చెప్పే లెక్క పదివేల సార్లు. ఎత్తి దించితే ఒకసారి కింద జమ. రోజుకి రెండుసార్లు తీసే కొట్టుకి ఆ లెక్కన పదిహేనేళ్లు. అదే లారీలు వచ్చిపోయే గోడౌన్‌లో రోజుకి ఇరవైసార్లు ఎత్తితే ఏడాదిన్నరకే చెల్లు. కాబట్టి కొనేటప్పుడు షట్టర్ అమ్మేవాడికి ముందు చెప్పాల్సింది రేకు మందం కాదు. ఎంత వెడల్పు, రోజుకి ఎన్నిసార్లు, ఎవరి చెయ్యి అన్నవి. ఎనిమిది చదరపు మీటర్లు దాటితే పైపుకి బాల్ బేరింగులు అడగాలి. పన్నెండు దాటితే చేత్తో ఎత్తే మాట మరిచిపోయి గొలుసు గేరుకో మోటారుకో వెళ్లాలి.

దొంగ సంగతి కూడా మేస్త్రీయే తేల్చాడు. "రెండు పక్కలా తాళాలేస్తారు బాబూ, నడుమ వదిలేస్తారు. వెడల్పాటి షట్టర్‌ని గునపంతో నడుమే లేపుతారు" అని, మధ్యలో నేలకి పట్టే తాళం ఒకటి పెట్టాడు. పాతిక కిలోల ఇనుము చెయ్యలేని పని అది చేసింది.

మోటారు పెట్టించుకుందామని తమ్ముడికి ఇప్పటికీ మనసు. బెజవాడలో మా బంధువుల కొట్టుకి ఉంది, మీట నొక్కితే చాలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు కరెంటు పోయింది. చేత్తో తిప్పే గొలుసు అదనపు ఖర్చని మోటారు పెట్టించిన రోజున వద్దన్నారట. నీళ్లు గడప ఎక్కుతుంటే షట్టర్ బయట నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయారు. మోటారు తప్పు కాదది. గొలుసు లేని మోటారు, మెట్లు లేని లిఫ్టు.

ఇక కాపాడుకోవడం. షట్టర్ పై నుంచి చెడుతుందనుకుంటాం, మా ఊళ్లో కింది నుంచి చెడుతుంది. రోజూ పొద్దున గడప ముందు నీళ్లు చల్లి ముగ్గేస్తాం. ఆ తడి అడుగు పట్టీ మీదికి ఎగురుతుంది. సముద్రపు ఉప్పుగాలి మిగతా పని చూసుకుంటుంది. మా కొట్టు అడుగు పట్టీ వేలితో గీరితే అప్పడంలా పెళుసుగా రాలింది. ముగ్గు మానమని ఎవరు చెప్తారు? పట్టీని ఏడాదికోసారి గీకి రెడ్ ఆక్సైడ్ పూయాలి, నీళ్లు చల్లాక గుడ్డతో ఒక్కసారి తుడవాలి. తీరప్రాంతంలో కొత్తగా కొనేవాళ్లు గాల్వనైజ్ చేసిన రేకు తీసుకుంటే ఆ ఖర్చు వృథా పోదు.

రెండో శత్రువు మన ప్రేమే. కిర్రుమందని పక్క గాడిలో గ్రీజు దట్టంగా పూస్తాం. రోడ్డు దుమ్మంతా వచ్చి దానికి అంటుకుని, నెల తిరిగేసరికి నూరుడు ముద్దవుతుంది. గ్రీజు స్ప్రింగులకీ బేరింగులకీ. గాడిని మాత్రం పొడి బ్రష్షుతో దులిపి, కొవ్వొత్తి ముక్కతో రుద్దితే చాలన్నాడు మేస్త్రీ. తాళంలో కొబ్బరినూనె పోసే అలవాటు మా ఇంటిదే. చలికాలం పొద్దున అది సీసాలో పేరుకున్నట్టే తాళంలోనూ పేరుకుంటుంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు.

ఒక్క పని మాత్రం మనం చెయ్యకూడదు, స్ప్రింగు బిగించడం. మేస్త్రీ పైపు రెంచితో తిప్పుతుంటే ఆయన శిష్యుడు రెండో రెంచి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. జారితే ఆ బిగువంతా చేతి ఎముక మీదే తీరుతుంది. ఆ పనికి ముందు వాళ్లు పైనున్న మా ఫ్లెక్సీ బోర్డంతా దించాల్సి వచ్చింది. స్ప్రింగుల పెట్టె మూత ఊడదీసే దారి లేకుండా బోర్డు బిగించింది కూడా మేమే.

స్ప్రింగు ఒకటి పెరిగింది, బేరింగులు పడ్డాయి. సాయంత్రం మేస్త్రీ షట్టర్‌ని సగం దాకా ఎత్తి చెయ్యి తీశాడు. ఆగింది. తమ్ముడు నూరు కిలోల పైనే ఉన్న ఆ బరువు కింద నుంచి అటూ ఇటూ దూరి, గాల్లో తేలుతున్నట్టుందని నవ్వాడు. మరదలు మాత్రం ముందుకొచ్చి కొక్కెం కర్ర పక్కన పెట్టి, ఎడం చేత్తో తోసింది. జర్రున పోయింది. నాన్న రోజుల నాటి చప్పుడు.

మొన్న దసరాకి కొట్లో ఆయుధపూజ. తక్కెడకి, స్కూటర్‌కి, బిల్లింగ్ మిషన్‌కి తమ్ముడు బొట్లు పెట్టాడు. షట్టర్‌కి ఎప్పుడూ పెట్టలేదు మేము, అది తలుపు కదా అనుకుని. మరదలు కుంకుమ భరిణె తీసుకుని వెళ్లి దాన్ని సగం దాకా దించి, తన భుజం ఎత్తున రేకు మీద గుండ్రంగా బొట్టు పెట్టింది.