రెండు పెట్టెలు, ఒకే గొంతు

పాత స్పీకర్లు బాగుచేస్తానని తెలిసినవాళ్లు మొదట అడిగేది "సౌండ్ ఎలా ఉంది?" అని. దానికి జవాబు చెప్పడం తేలికే కానీ చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. వాల్యూమ్ రవ్వంత పెంచితే ఏ స్పీకరైనా బాగున్నట్టే ఉంటుంది. కొన్నాళ్లు వింటే చెవి దేనికైనా అలవాటు పడిపోతుంది. పైగా మన చేత్తో విప్పి బిగించినదాన్ని బాగోలేదనడానికి మనసొప్పదు. అందుకే నేను ఇంకో ప్రశ్న వేసుకుంటాను. ఎడమ పెట్టె, కుడి పెట్టె ఒకే మాట చెబుతున్నాయా? ఒకే కొలతలతో ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రెండూ యాభై ఏళ్లలో చెరో దారి పడతాయి. ఒకదాని తప్పు పట్టివ్వడానికి రెండోదాన్ని మించిన సాక్షి దొరకదు.

ప్రస్తుతం మా హాల్లో నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నది ఏఆర్-3ఏ జత. మా మావయ్య 1970లలో బోస్టన్‌లో చదువు ముగించుకుని తిరిగొస్తూ ఓడకెక్కించి కాకినాడ చేర్చినవి. ఒక్కోటి సుమారు 24 కిలోలు. వాల్‌నట్ చెక్క ఇప్పటికీ నిగనిగలాడుతోంది. కానీ ముందున్న గుడ్డ తీసి చూస్తే, బేస్ పలికే వూఫర్ల అంచు నల్లటి జిగురు ముద్దయి కారిపోయింది. కాకినాడ గాలి మరి.

ఈ స్పీకర్ల సంగతి తెలిస్తేగానీ మరమ్మతు అర్థం కాదు. 1954లో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ విల్చర్, ఆయన శిష్యుడు హెన్రీ క్లాస్ కలిసి ఎకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) కంపెనీ పెట్టారు. అప్పటిదాకా లోతైన బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఇంట్లో పెట్టుకోవాల్సిందే. కోన్‌ను పట్టి ఉంచే అంచు, వెనకాల ఉండే ముడతల గుడ్డ బిగువుగా ఉండి స్ప్రింగ్‌లా పనిచేసేవి. కోన్ ఎక్కువగా కదిలినప్పుడు ఆ స్ప్రింగ్ ఒక తీరున సాగదు, అక్కడే శబ్దం చెడేది. విల్చర్ ఆ పట్టును బాగా వదులు చేసి, పెట్టెను గాలి చొరబడకుండా మూసేశాడు. లోపల చిక్కుకున్న గాలే స్ప్రింగ్ అయింది. గాలి తీరు చాలా సమంగా ఉంటుంది. దాంతో పెట్టె చిన్నదయింది, బేస్ శుభ్రపడింది. ఆ వరుసలో 1967లో వచ్చినదే 3ఏ: 12 అంగుళాల వూఫర్, మధ్య స్వరాలకు ఒకటిన్నర అంగుళాల డోమ్, పై స్వరాలకు ముప్పావు అంగుళం డోమ్ ట్వీటర్.

కాబట్టి ఇందులో గాలి కారిందంటే స్ప్రింగ్ తెగినట్టే. పరీక్ష చాలా సులువు. వూఫర్ కోన్‌ను నాలుగు వేళ్లతో, నాలుగు పక్కలా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. పెట్టె బిగుతుగా ఉంటే కోన్ తాపీగా వెనక్కొస్తుంది. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉన్నట్టు. రెండు పెట్టెల మీదా ఒకదాని వెంట ఒకటి చేస్తే తేడా వేలికే తెలుస్తుంది, మీటరు అక్కర్లేదు. సందు స్క్రూల కింద ఉండొచ్చు, ఎండి పగిలిన పుట్టీలో ఉండొచ్చు. వెనకాల కంట్రోళ్లు దూరే రంధ్రాల దగ్గర కూడా ఉండొచ్చు. అక్కడ వెతకడం చాలామందికి తట్టదు.

మొదట్లో ఏఆర్ వూఫర్లకు గుడ్డ అంచులు ఉండేవి, తర్వాతి వాటికి ఫోమ్ వచ్చింది. పాలీయురేథేన్ ఫోమ్‌కు తేమ శత్రువు. స్పీకర్ వాడినా వాడకపోయినా లోలోపలే విరిగిపోతుంది. "అట్టపెట్టెలోంచి తియ్యలేదండీ, కొత్తదాని కింద లెక్క" అని అమ్మేవాళ్ల మాట అందుకే నమ్మను. పాడకుండా మూలపడ్డా ఫోమ్‌కు వయసు ఆగదు.

ఈ వూఫర్లు పట్టుకుని కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే, స్పీకర్లు రీకోనింగ్ చేసే దుకాణంలో ఆయన చూసీ చూడగానే, "మొత్తం కోన్ కొత్తది ఏసేద్దాం సార్, దుమ్ము లేస్తది" అన్నాడు. పనిమంతుడు. పెళ్లిళ్లకు పోయే డీజే స్పీకర్లు ఆయన చేతిలో నిజంగానే దుమ్ము లేపుతాయి. "వద్దు భాయ్, అంచు ఒక్కటే మార్చాలి, రెండింటికీ" అంటే నా వైపు జాలిగా చూశాడు. కానీ కోన్, దాన్ని కదిపే వాయిస్ కాయిల్ మారితే బరువు మారుతుంది, కాయిల్ రెసిస్టెన్స్ మారుతుంది. మూసిన పెట్టెలో గాలి లెక్క, స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్ లెక్క, రెండూ తప్పుతాయి. పెట్టె మీద పేరు ఏఆర్‌దే ఉంటుంది, లోపల పాడేది మరెవరో.

సరైన కొలతకు ఫోమ్ రింగులు తెప్పించుకుని చేసుకుంటే ఇది ఇంటి పనే, ఓపిక ఒక్కటీ ఉంటే చాలు. పాత ఫోమ్ ముద్దను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి గీకాలి. కాగితం కోన్ చిరగకుండా గీకడమే అసలు కష్టం. తెల్ల జిగురుతో ముందు రింగును కోన్‌కు అంటించి, ఆరాక ఫ్రేమ్‌కు అంటించాలి. ఫ్రేమ్‌కు అంటించేటప్పుడు వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో నట్టనడుమ నిలబడాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి 30 హెర్ట్జ్ ఆంప్లిఫయర్ ద్వారా సన్నగా ఇస్తే, ఎక్కడైనా రాసుకుంటుంటే గరగర వినిపిస్తుంది. అప్పుడు జిగురు పచ్చిగా ఉండగానే రవ్వంత జరపొచ్చు. ఆరిన తర్వాత ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తాకించి, రెండు వూఫర్లూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూసుకోవాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ కదిలితే బేస్ రెండింటి మధ్యా కొట్టుకుపోతుంది.

వెనకాల రెండు కంట్రోళ్లుంటాయి, ఒకటి మధ్య స్వరాలకు, ఒకటి ట్వీటర్‌కు. ఏఆర్‌లను ముంచేసేవి ఇవే. లోపలి తీగ చుట్ట, దాని మీద తిరిగే ముక్క తుప్పుపట్టి, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ట్వీటర్ చచ్చిపోయిందని పారేసినవాళ్లలో సగం మంది అసలు తప్పు ఇక్కడుందని చూసి ఉండరని నా అనుమానం. విప్పి, సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ వేస్తే చాలా మటుకు ప్రాణం పోసుకుంటాయి. ఇక క్రాసోవర్‌లోని 150, 50, 6 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు. పాతవి విప్పి కొలిచాకే మార్చాలి. మారిస్తే రెండు పెట్టెల్లోనూ మార్చాలి. ఖరీదైనవి వేస్తే స్వర్గం కనిపిస్తుందనే మాట మీద నాకు నమ్మకం లేదు. విలువ సరిపోతే చాలు.

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. దీనికి స్టీరియో పాట పనికిరాదు, మోనో కావాలి. 1957 నాటి "మాయాబజార్" పాటలు మోనోలోనివే. రెండు పెట్టెలకూ సమదూరంలో కూర్చుంటే ఘంటసాల గొంతు సరిగ్గా నడుమ, గాలిలో ఒకచోట నిలబడాలి. పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు ఒక పక్కకు జరిగిందంటే, లేదా నడుమ నుంచి వెడల్పుగా పరుచుకుపోయిందంటే, రెండింట్లో ఒకటి తోడు రావడం లేదన్నమాట. గదిది తప్పు కావొచ్చు కాబట్టి పెట్టెలను అటుదిటు, ఇటుదటు మార్చి మళ్లీ వినాలి. పక్కకు జరగడం పెట్టెతో పాటు మారితే తప్పు పెట్టెది. మారకపోతే మీ కిటికీది, సోఫాది.

ఒకదానికొకటి సరిపోయాక, నిజానికి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది చూడాలి. ఇందులో విల్చర్ పద్ధతే నాకు నచ్చుతుంది. ఏఆర్ వాళ్లు ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ వాద్యబృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లు విల్లు ఆడిస్తున్నట్టు నటిస్తుంటే స్పీకర్లలోంచి రికార్డింగ్ వినిపించేవారు. ఎక్కడ మారిందో శ్రోతలు కనిపెట్టాలి. అంతకన్నా నిజాయితీగల ప్రకటన ఆ వ్యాపారంలో నేను చూడలేదు. 

నేను చేసేది దీనికి ఇంటి మందు లాంటి వెర్షన్. మా అక్క పేపరు చదువుతుంటే డాబా మీద రికార్డు చేస్తాను. గదిలో చేస్తే ఆ గది ప్రతిధ్వని రికార్డులోకి ఎక్కి, వినేటప్పుడు హాలు ప్రతిధ్వనితో కలిసి రెండింతలవుతుంది. డాబా మీద ఆ బెడద తక్కువ. తర్వాత హాల్లో అక్క రెండు పెట్టెల నడుమ నిలబడి ఒక వాక్యం చదువుతుంది, మరుసటి వాక్యం స్పీకర్లు చదువుతాయి. తీర్పు చెప్పాల్సింది అక్క కాదు, ఎవరి గొంతు వాళ్లకు తెలియదు. బావగారిని తలుపు అవతల కూర్చోబెట్టాను. "ఇప్పుడు కొంచెం జలుబు చేసినట్టుందే" అన్నారు ఒకచోట. మధ్య స్వరాల కంట్రోల్ కాస్త పెంచితే ఆ జలుబు పోయింది.

3ఏ పై స్వరాలు మెత్తగా ఉంటాయని కొత్త స్పీకర్లు విన్నవాళ్ల ఫిర్యాదు. అవి కార్పెట్లు, మందపాటి కర్టెన్లున్న అమెరికా ఇళ్లలో మెత్తగా వినిపించి ఉండొచ్చు. గ్రానైట్ నేల, బోసి సిమెంటు గోడలున్న మన హాల్లో అది వరమే. ట్వీటర్ తీసేసి ఈనాటి డోమ్ పెట్టించమనే సలహా నాకు రాని వారం లేదు. పెడితే మా హాలు గాజుగ్లాసుల దుకాణమవుతుంది.

ఒక లోటు మాత్రం మిగిలింది. ఎడమ ట్వీటర్ కుడిదానికంటే కొంచెం నెమ్మది. రెండింటినీ పెట్టెలు మార్చి బిగిస్తే నెమ్మదితనం ట్వీటర్ వెంటే వెళ్లింది, కాబట్టి క్రాసోవర్ నిర్దోషి. డోమ్‌ను పట్టి ఉంచే ఫోమ్ ముక్కలు వయసుతో గట్టిపడితే ఇలా జరుగుతుంది, వాటిని ఇంట్లో బాగుచేయడం నాకు చేతనైన పని కాదు. ఆ కాలపు ట్వీటర్ ఇంకోటి ఎక్కడైనా దొరికేదాకా, వీటిని మళ్లీ పాత చోటే బిగించి కుడి పెట్టె కంట్రోల్ ఒక గీత తగ్గించి వింటున్నాను. మావయ్యకు ఈ సంగతి చెబితే, "నేను కొన్నప్పుడు ఉన్నట్టే ఉందా, లేదా?" అని ఒకటే అడుగుతున్నాడు. అప్పట్లో రెండూ ఒకేలా వినిపించేవా అని నేను తిరిగి అడిగితే, ఎప్పుడూ మధ్యలో కూర్చుని వినలేదంటాడు. ఒకటి హాల్లో, ఒకటి వరండాలో పెట్టుకున్నారట.