ఆంగ్ల సిద్ధాంతగ్రంథములలో కృతజ్ఞతా నివేదనము

పరిశోధకుడు చిట్టచివర వ్రాయునదియు, పరీక్షకుడు మొట్టమొదట చదువునదియు ఒకే పుట: కృతజ్ఞతా నివేదనము. మౌఖిక పరీక్షలో దానిని గూర్చి ప్రశ్న యుండదు. అందుచేతనే కాబోలు, వందల పుటలలో ప్రతి వాక్యమునకు ఆధారము చూపిన విద్యార్థి ఈ పుటలో మాత్రము అరువు మాటలతో సరిపెట్టుకొనును. ‘డీప్ సెన్స్ ఆఫ్ గ్రాటిట్యూడ్’ అను పదబంధము మన ఆంగ్ల సిద్ధాంతగ్రంథములలో ఎంత తరచుగా కనబడునో ఆచార్యులకు చెప్పనక్కరలేదు. ఆంగ్లము మాతృభాష కానివారి రచనలోని ఈ పేలవత్వమును సాధారణముగా భాషాపాటవము లేకుండుటకు అంటగట్టుదురు. కారణము వేరని నా యభిప్రాయము.

ఈ పుటకును ఒక నిర్మాణము కలదని కెన్ హైలండ్ 2003, 2004 సంవత్సరముల వ్యాసములలో చూపెను. హాంకాంగులో ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థులు వ్రాసిన 240 సిద్ధాంతగ్రంథములను ఆయన పరిశీలించెను. గడచిన శ్రమను తలచుకొనుట, తోడ్పడినవారికి కృతజ్ఞత తెలుపుట, దోషములకు బాధ్యత వహించుట లేక గ్రంథమును అంకితము చేయుట అని ఆయన మూడంగములను గుర్తించెను. నడిమి యంగము అనివార్యము, తక్కినవి ఐచ్ఛికములు. ఈ చట్రము విద్యార్థులకు సులభముగనే పట్టుబడును. చట్రము పట్టుబడినంతమాత్రమున అందులో నింపవలసిన విషయము దొరకదు.

తెలుగువానికి ఇచ్చట రెండు చిక్కులు కలవు. మన యిండ్లలో తల్లి అన్నము పెట్టినప్పుడు బిడ్డ ధన్యవాదములు చెప్పడు. చెప్పినచో పరాయితనము తోచును. మేలును మాటతో తీర్చుటకంటె మనసున నిలుపుకొనుట మన వాడుక. అట్టివాడు ఆంగ్లమున పదిమందికి పదిసార్లు ‘థాంక్స్’ చెప్పవలసి వచ్చినపుడు, ఇతరులు వ్రాసిన వాక్యమునే తిరిగి వ్రాయును. రెండవ చిక్కు గౌరవవాచకము. ‘గారు’ అను రెండక్షరములతో తెలుగున తీరు పని ఆంగ్లమున తీరదు. ఆ కొరతను పూడ్చుటకై ‘రెస్పెక్టెడ్’, ‘ఎస్టీమ్డ్’ వంటి విశేషణములను పేర్చును. ఇది ప్రబంధముల షష్ఠ్యంతముల వాసన. కాని పర్యవేక్షకుడు కృతిభర్త కాడు. ఆయనను గూర్చి కావలసినది స్తుతి కాదు, సాక్ష్యము.

అవతారికలనుండి నేర్చుకొనదగినది వేరొకటి కలదు. 11వ శతాబ్దిలో నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నప్పుడు, తనకు తోడ్పడిన నారాయణభట్టును పేర్కొనెను. ఆయన తనకు ఇష్టుడనియు, సహాధ్యాయుడనియు తెలిపి, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడెట్లో తనకు ఆయన అట్లని పోల్చెను. ఈ పోలిక కేవలము అలంకారము కాదు. ఆ యుద్ధమున కృష్ణుడు ఆయుధము పట్టనని పూని, రథము నడపెను. విల్లు అర్జునునిదే. సాయము ఎట్టిదో చెప్పుచునే, భారము ఎవరిదో కూడ ఆ పోలిక తేల్చుచున్నది. హైలండ్ వేరువేరుగా లెక్కించిన కృతజ్ఞతయు బాధ్యతాస్వీకారమును ఇందు ఒక్కచోట ఇమిడినవి.

‘కృతజ్ఞత’ యనగా చేసిన మేలును ఎరుగుట. ఆంగ్లమున ‘అక్‌నాలెడ్జ్‌మెంట్’ అను మాటలోను ఎరుకయే కలదు. ఎరుగుట యను అర్థముగల ఆంగ్లధాతువును, సంస్కృతమందలి ‘జ్ఞా’ ధాతువును ఒకే ఇండో-యూరోపీయ మూలమునుండి పుట్టినవి. ఎరుక యైనచో అది తప్పొప్పులకు లోబడవలయును. ‘అమూల్యమైన సలహాల నిచ్చిరి’ అను వాక్యమును ఒప్పనలేము, తప్పనలేము. ‘మూడవ ప్రకరణమును రెండుమారులు చదివి, శాసనకాలమును నేను తప్పుగా గణించితినని చూపిరి’ అను వాక్యము నిజమో కాదో తేలును. దీనిని ఆంగ్లమున వ్రాయుటకు కావలసినవి చదువుట, చూపుట వంటి చిన్న క్రియలే. పరభాషలో వ్రాయువానిని తడబడజేయునవి పెద్దమాటలు. ఎరిగినదానిని చెప్పుటకు చిన్నమాటలు చాలును.

అలవాటైన వాక్యములు క్షేమమని, వానిని విడిచినచో ఎవరికి కోపము వచ్చునోయని విద్యార్థి భయపడుట సహజము. పర్యవేక్షకుని పేరు మొదటనే యుండుగాక. ఐనను మూసవాక్యములవలన నష్టపోవువారు పెద్దలు కారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములది. అట్టి కృషి రైతు నోటిమాట లేనిదే సాగదు. అట్టి పదములనే సేకరించుకొని వచ్చిన పరిశోధకుడు ‘సహకరించిన యందరికి’ అని ఆంగ్లమున ఒక్క ముక్కతో ముగించినచో, నాగలి భాగముల పేర్లు చెప్పిన వృద్ధుడు ఆ ‘అందరి’లో అదృశ్యుడగును. అటకమీది తాళపత్రములను దింపి యిచ్చిన ఇల్లాలి గతియు అంతే. వారు సమ్మతించినచో పేరు, కానిచో ఊరును వృత్తియు చెప్పవచ్చును గదా! దీనిని కృతఘ్నత యని నేననను, పరిశోధనాదోష మందును. సామగ్రి ఎవరివలన లభించినదో చెప్పకుండుట ఆధారమును దాచుటయే.

కావున ఆచార్యులకు ఒక విన్నపము. చిత్తుప్రతిని దిద్దునపుడు ఈ పుటను వదలవలదు. ఆర్టికల్సును, ప్రిపొజిషన్లను సవరించుట తరువాతి పని. ఒక్కొక్క పేరు నెదుట ‘వీరు ఏమి చేసిరి?’ అని విద్యార్థిని అడుగుడు. సమాధానమును ముందు తెలుగున చెప్పనిండు. పిమ్మట ఆంగ్లమున వ్రాయనిండు. సమాధానము లేని పేరు ఆ పుటలో నుండదగునా యని యాతడే యోచించుకొనును. ఆ పేరు మనదైనను సరియే.