ప్రమాద వేళ చదివే రాత

అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరును నడపడం, ఆపడం, ఏదైనా చెడితే అదుపులోకి తేవడం అన్నీ ముందే రాసిపెట్టిన ప్రొసీజర్ల ప్రకారం జరుగుతాయి. పంపు స్టార్ట్ చేయడానికొకటి, వాల్వు పరీక్షకొకటి, ఇంధనం మార్చడానికొకటి ఉంటాయి. వీటన్నిటిలో రాయడానికి కష్టమైనది అత్యవసర ప్రొసీజర్. రాసేవారికి తీరిక ఉంటుంది. చదివేవారు మాత్రం పదుల కొద్దీ అలారాలు ఒక్కసారిగా మోగుతుండగా చదవాలి.

ఈ రాతకు నేటి రూపం ఒక ప్రమాదం తర్వాతే వచ్చింది. 1979 మార్చి 28న తెల్లవారుజామున 4 గంటలకు అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలండ్ రెండో యూనిట్‌లో, స్టీమ్ జనరేటర్లకు నీరందించే పంపులు ఆగిపోయాయి. రియాక్టర్ దానంతటదే ఆగింది. పెరిగిన పీడనాన్ని వదలడానికి తెరుచుకున్న రిలీఫ్ వాల్వు మాత్రం తిరిగి మూసుకోలేదు. ప్యానెల్ మీద ఆ వాల్వుకు సంబంధించిన దీపం ఆరిపోయింది. మూసుకోమని సంకేతం వెళ్లిందన్న సంగతి మాత్రమే ఆ దీపం చెప్పగలదు, వాల్వు నిజంగా మూసుకుందో లేదో దానికి తెలియదు. ఈలోగా రియాక్టర్ పీడనాన్ని అదుపులో ఉంచే ప్రెషరైజర్‌లో నీటిమట్టం పెరుగుతూ కనిపించింది. అది పూర్తిగా నిండిపోకూడదని ఆపరేటర్లకు శిక్షణలో నూరిపోశారు కాబట్టి, ఇంధనం ఉండే కోర్‌లోకి వెళ్తున్న అత్యవసర నీటిని వాళ్లు తగ్గించేశారు. రెండు గంటలు దాటాక, నీరు బయటికి పోతున్న ఆ రిలీఫ్ వాల్వు దారిలోనే ఉన్న బ్లాక్ వాల్వును మూశారు. అప్పటికే కోర్ పైభాగానికి నీళ్లు లేవు. చివరికి దాదాపు సగం కోర్ కరిగిపోయింది.

విచారకరమైన సంగతేమంటే, 1977 సెప్టెంబరులో ఒహాయోలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో అదే కంపెనీ తయారుచేసిన రియాక్టరులో అలాంటి వాల్వే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడా ఆపరేటర్లు నీటిని తగ్గించారు. ఆ అనుభవం కొత్త సూచనగా మారి మిగతా కేంద్రాలకు చేరలేదు. చేరి ఉంటే త్రీ మైల్ ఐలండ్ ఆపరేటర్ల చేతిలో సరైన కాగితం ఉండేది.

పాత ప్రొసీజర్లు ఒక్కో ప్రమాదానికి ఒక్కటిగా ఉండేవి. ఏ పైపు పగిలిందో, ఏ ట్యూబు కారుతోందో ముందు తేల్చుకుని, ఆ పుస్తకం తెరవాలి. లోపాన్ని తప్పుగా గుర్తించినా, రెండు లోపాలు కలిసి వచ్చినా పుస్తకం దారి తప్పిస్తుంది. త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం తర్వాత ఈ పద్ధతిని తిరగరాశారు. కొత్త ప్రొసీజర్ మీటర్లలో కనిపించే లక్షణాల మీద నడుస్తుంది. గొలుసు చర్య ఆగిందా, కోర్ చల్లబడుతోందా, వేడి బయటికి పోయే దారి ఉందా అన్న ప్రశ్నలను వరుసగా అడుగుతుంది. ఏం చెడిందో తెలియకపోయినా కోర్‌ను కాపాడుకునే వీలు దీనివల్ల కలిగింది. ఈ విద్యలో ఇంతకు మించిన మెరుగుదల మరొకటి లేదనే చెప్పాలి.

పేజీ రూపం కూడా ఆ ఆలోచనకు తగ్గట్టే ఉంటుంది. వెస్టింగ్‌హౌస్ తరహా ప్రొసీజర్లలో పేజీకి రెండు నిలువు వరుసలు. ఎడమవైపు చేయాల్సిన పని, దానివల్ల కనిపించాల్సిన ఫలితం. కుడివైపు ఆ ఫలితం రాకపోతే ఏం చేయాలో. ఎడమవైపు ‘సహాయక ఫీడ్‌వాటర్ వస్తోందేమో చూడండి’ అని ఉంటే, కుడివైపు ‘రాకపోతే పంపులను చేత్తో స్టార్ట్ చేయండి’ అని ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపు కన్ను ఎడమవైపే కిందికి దిగుతుంది.

వాక్యానికి ఒకే పని. వాల్వు పేరు ప్యానెల్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. ‘50కి 10 అటూ ఇటూ’ అని రాయరు, ‘40 నుంచి 60 మధ్య’ అని రాస్తారు. కంగారులో ఉన్నవారి చేత కూడికలు, తీసివేతలు చేయించకూడదు. హెచ్చరిక ఆ పనికి ముందే రావాలి, పని అయ్యాక చదివిన హెచ్చరికకు విలువ లేదు. హెచ్చరికలో చేయాల్సిన పనిని ఇరికించడం కూడా తప్పే, దాన్ని చదివి వదిలేసే ప్రమాదం ఉంది. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 1982లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి వివరాలకు చాలా చోటు దక్కింది.

రాసిన ప్రతిని సిమ్యులేటర్‌లో పరీక్షిస్తారు. సూపర్‌వైజర్ ఒక్కో మెట్టును బిగ్గరగా చదువుతారు, ఆపరేటర్ అదే మాట తిరిగి చెప్పి పని చేస్తారు. ఎవరైనా ఒక వాక్యం దగ్గర తడబడితే, మార్చాల్సింది ఆ వాక్యాన్ని. కంట్రోల్ రూమ్ బయట చేసే పనులకైతే కాగితం పట్టుకుని వాల్వు దాకా నడిచి చూడాలి. చెయ్యి అందుతుందా, నిచ్చెన కావాలా, చీకట్లో ట్యాగ్ కనిపిస్తుందా అన్నది అక్కడే తేలుతుంది.

ఇది అతి జాగ్రత్త అనుకోవడానికి లేదు. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి హైడ్రోజన్, నూనె అంటుకున్నాయి. కేబుళ్లు కాలి మొదటి యూనిట్‌కు దాదాపు 17 గంటలు కరెంటు లేదు. పొగ కమ్మడంతో కంట్రోల్ రూమే ఖాళీ చేయాల్సి వచ్చింది. సిబ్బంది డీజిల్‌తో నడిచే ఫైర్ పంపుల నీటిని స్టీమ్ జనరేటర్లకు ఎక్కించి, గొలుసు చర్య మళ్లీ మొదలవకుండా బోరాన్ కలిపి, కోర్‌ను కాపాడారు.

కేంద్రంలో ఒక పంపు మారినా, ఒక మీటరు స్కేలు మారినా దాన్ని పేర్కొన్న ప్రతి ప్రొసీజర్‌నూ సవరించాలి. సవరించిన ప్రతికి కొత్త సంఖ్య వేసి, పాతవాటిని కంట్రోల్ రూమ్ నుంచి తీసేస్తారు. ఆ మార్పును షిఫ్టులన్నిటికీ శిక్షణలో చెప్పాకే కొత్త ప్రతి వాడుకలోకి రావాలి.