పాఠం చెప్పడం నేర్పిన ప్రయోగశాల

బి.ఎడ్. చదివే తెలుగు విద్యార్థులు యత్నదోష అభ్యసనం దగ్గర థార్న్‌డైక్ పేరును, ప్రాజెక్టు పద్ధతి దగ్గర కిల్‌పాట్రిక్ పేరును పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు గానీ, ఆ ఇద్దరూ పనిచేసిన న్యూయార్క్ టీచర్స్ కాలేజిలోనే జీవశాస్త్ర బోధనకు ఒక పద్ధతిని సమకూర్చిన మరో ఇద్దరు ఆచార్యుల ఊసు అంతగా వినిపించదు. గ్రేస్ డాడ్జ్ చొరవతో 1887లో మొదలై, 1898లో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ఆ కళాశాలలో ఫ్రాన్సిస్ ఎర్నెస్ట్ లాయిడ్ మొక్కల సంగతి, మారిస్ బిగెలో జంతువుల సంగతి చూసేవారు.

ఇద్దరూ ముందు శాస్త్రజ్ఞులు, ఆ తరువాతే బోధనాశాస్త్రజ్ఞులు. సముద్రంలో తేలే దుంగలకు, ఓడల అడుగులకు అంటుకుని బతికే లేపస్ అనే జీవి పిండంలో ఏ కణం నుంచి ఏ భాగం పుడుతుందో జాడ తీసే కణ వంశక్రమ పరిశోధనను బిగెలో 1902లో ప్రచురించాడు. అలాంటి పనిలో చేయి తిరిగినవాడు కాబట్టే, 1904లో లాయిడ్‌తో కలిసి మాధ్యమిక పాఠశాలల జీవశాస్త్ర బోధనపై రాసిన గ్రంథంలో ప్రయోగశాలకు పెద్దపీట వేశాడు. మరుసటి ఏడాది, అంటే 1905లో, పుస్తకం కంటే ముందు చెట్టునూ పురుగునూ పిల్లల కళ్లెదుట ఉంచాలనే ప్రకృతి పరిశీలన ఉద్యమానికి ఒక పత్రికను ప్రారంభించి సంపాదకత్వం వహించాడు.

లాయిడ్ మాత్రం 1906లో కళాశాల విడిచి అరిజోనా ఎడారిలోని వృక్షశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. ఆకు గాలి పీల్చి నీటి ఆవిరి వదిలే సన్నని ద్వారాలైన పత్రరంధ్రాలు ఏ వేళకు ఎంత తెరుచుకుంటాయో తెలుసుకోవడానికి అతడు ఆకు పైపొరను ఒలిచి, ఆ క్షణమే నీటి పాలు లేని ఆల్కహాలులో ముంచేవాడు. దానితో రంధ్రాలు ఒలిచేటప్పటికి ఉన్న స్థితిలోనే బిగిసిపోయి, తరువాత తీరికగా కొలతకు దొరికేవి. ఆ ఫలితాలు 1908లో వెలువడ్డాయి. మన ఉన్నత పాఠశాలల్లోనూ ఆకు పొర ఒలిచి స్లైడు మీద పెట్టి చూపుతారు గానీ, కోసిన ఆకులో రంధ్రాలు ఉన్నవి ఉన్నట్లు ఉండవన్న చిక్కును పిల్లల ముందుంచడం అరుదు, నిజానికి అసలు పాఠం అక్కడే ఉన్నా.

లాయిడ్ నిష్క్రమణ టీచర్స్ కాలేజి జీవశాస్త్ర విభాగానికి లోటే అనుకోవాలి. బిగెలో అక్కడే నిలిచి 1916లో లైంగిక విద్యపై పుస్తకం వెలువరించాడు. అంటే అతడి దృష్టి పిండకణాల నుంచి సమాజం వైపు మళ్లింది. ఈ ఇద్దరిలా విషయాన్నీ విధానాన్నీ ఒకే చేతి మీదుగా నేర్పాలన్న ఆలోచన మన దేశంలో 1963లో మైసూరులో వెలసిన ప్రాంతీయ విద్యా కళాశాల నాలుగేళ్ల బి.ఎస్సీ.ఎడ్. కోర్సులో కనిపించింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కళాశాల పరిధిలోనిదే. విడిగా నడిచే బి.ఎడ్.లో మాత్రం జీవశాస్త్ర మెథడ్ క్లాసు చాలాచోట్ల చార్టులకూ లెసన్ ప్లాన్ రికార్డులకూ పరిమితమైంది; డిగ్రీలో వాడిన సూక్ష్మదర్శిని దగ్గరికి ఛాత్రోపాధ్యాయుడు తిరిగి వెళ్లే సందర్భమే తక్కువ.