పావు సెకను పనితనం

హౌరా వెళ్లే చేపల లారీ ఐసు బరువుతో కైకలూరు దాటి పెద్ద రోడ్డెక్కేటప్పుడు గమనించండి. యాక్సిలరేటర్ తొక్కాక బండి కాసేపు మూలిగి, ఆ తర్వాతే పికప్ అందుకుంటుంది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో తిరగాలంటే ఇంజిన్ వదిలే పొగ జోరుగా రావాలి. ఆ జోరు రావాలంటే ఇంజిన్‌కు ముందు గాలి అందాలి. ఈ చిక్కుముడిని 2016లో వచ్చిన ఆడి ఎస్‌క్యూ7 డీజిల్ కారు ఎంత అందంగా విప్పిందో చూస్తే ముచ్చటేస్తుంది.

అందులో రెండు టర్బోలకు తోడుగా కరెంటుతో తిరిగే కంప్రెసర్ ఒకటుంది. చేసింది ఫ్రాన్స్ కంపెనీ వాలియో. కాలు పడిన పావు సెకనులోపే అది నిమిషానికి 70,000 చుట్ల వేగం అందుకుంటుంది. దాని రోటర్‌లో అయస్కాంతాలూ లేవు, రాగి తీగ చుట్లూ లేవు. పళ్లు తీసిన ఉక్కు రేకుల దొంతర, అంతే! చుట్టూ ఉన్న కాయిళ్లకు వంతులవారీగా కరెంటు ఇస్తుంటే ఆ పళ్లు వాటి వైపు లాగబడుతూ గిర్రున తిరుగుతాయి. అంత వేగానికి ఊడి ఎగిరిపడేదేదీ లోపల పెట్టకపోవడమే అసలైన నేర్పు.

కంప్రెసర్‌ను గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తర్వాత, ఇంజిన్‌కు దగ్గరగా బిగించారు. పొగ చాలనప్పుడు పక్కదారి మూత మూసుకుని గాలి కంప్రెసర్ గుండా వెళ్తుంది. టర్బోలు అందుకోగానే మూత తెరుచుకుంటుంది, కంప్రెసర్ తప్పుకుంటుంది. చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళకు ఏరేటర్ ఎలాగో, ఇదీ అలాగే. ఫలితంగా 1,000 ఆర్‌పీఎమ్ దగ్గరే 900 న్యూటన్ మీటర్ల టార్కు!

ఈ కంప్రెసర్ గుంజే కరెంటు గరిష్ఠంగా 7 కిలోవాట్లు. మామూలు 12 వోల్టుల బ్యాటరీ మీదైతే 580 ఆంపియర్లు దాటుతుంది. అందుకే విడిగా 48 వోల్టుల లిథియం బ్యాటరీ పెట్టారు. దానితో లెక్క 146కు దిగింది.

‘ఎలక్ట్రిక్ టర్బో’ అంటూ చవగ్గా అమ్మే ఫ్యాన్లను ఈ లెక్కతోనే తూచాలి. రెండు లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎమ్‌లో నిమిషానికి దాదాపు 6,000 లీటర్ల గాలి మింగుతుంది. ఆ గాలిని ఒకటిన్నర రెట్ల ఒత్తిడికి తేవాలంటే ఇంచుమించు 9 కిలోవాట్లు కావాలి. బుల్లి ఫ్యాను ఆ దారికి అడ్డమే. 2017లో మెర్సిడెస్ కూడా తన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కు ఇలాంటి కంప్రెసర్ పెట్టింది, అదీ 48 వోల్టుల మీదే. పాత కారుకు తెచ్చి తగిలించుకునే వస్తువు కాదిది.